తెర వెలుగనప్పుడు నిదానము

కొత్తగా కూర్చిన కంప్యూటరునకు మొదటిసారి విద్యుత్తునిచ్చి మీట నొక్కినప్పుడు ఇంటిల్లిపాది చూపులును తెరమీదనే నిలుచును. లోపలి ఫ్యానులు తిరుగును, దీపములు వెలుగును. తెర మాత్రము నల్లగానే యుండిపోవును. అప్పుడు కలుగు భయము సామాన్యమైనది కాదు. ఏడాదిపాటు కూడబెట్టిన ధనము నీటిపాలైనదేమో యని గృహిణి గుండె ఝల్లుమనును. ఇట్టి వేళ నేమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా నేమి చేయరాదో, మాకు తెలిసినంతవరకు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఇది పురుషుల పని, మనకేల యని తలంచువా రుందురు. అట్టివారు అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమునందు 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను మహాయంత్రము కథ వినవలెను. అందు దాదాపు 18,000 గాజుగొట్టములుండెడివి. దానిచేత లెక్కలు చేయించు పనికి నియమింపబడినవారు ఆరుగురు స్త్రీలు. వారికి నేర్పు పుస్తకమేదియు లేదు. యంత్రపు పటములను ముందు పరచుకొని, దాని నడకను తామే గ్రహించి, పని తప్పినప్పుడు ఏ గొట్టమువలన తప్పినదో వెదకి చెప్పగలవారైరి. మన తెలుగుదేశమునకును ఈ విద్య కొత్తది కాదు. పశ్చిమ గోదావరి జిల్లావారైన అయ్యగారి సాంబశివరావుగారు తొలి సారథిగా 1967లో హైదరాబాదున నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనువారు టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసిరి. అట్టిది మొదట 1969లో పనిలోనికి వచ్చినది. నేడు ఆ పనినే, విడిభాగములు కొనితెచ్చుకొని, కళాశాల బాలికలు నడవలో చాపమీద కూర్చుండి చేయుచున్నారు. చేయుట చక్కగానే యున్నది, చేసినది పలుకనప్పుడే చిక్కు.

సంస్కృతమున నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట. మన తెనుగు వాడుకలో నిదానమనగా తొందరపాటు లేమి. ఒక్క మాటకు ఈ రెండర్థములు నెట్లు కలిగెనో పండితులు చెప్పవలెను గాని, నల్లని తెర ముందర కూర్చున్నవారికి ఈ రెండును కావలసియే యుండును.

మొట్టమొదట తెలిసికొనవలసినది, నల్లని తెరకు అర్థమేమి యనునది. మీట నొక్కినతోడనే ప్రాసెసరు మేల్కొని, మదర్‌బోర్డుమీది చిన్న చిప్పులో వ్రాయబడియున్న బయాస్ అను ఆదేశములను చదువును. పిదప ర్యామనబడు జ్ఞాపకశక్తి యున్నదా, సరిగానున్నదా యని పరీక్షించును. తరువాత బొమ్మను పంపు భాగమును వెదకును. ఇవన్నియు కుదిరినపిమ్మట మాత్రమే తెరమీద తయారీదారు ముద్రయో, నాలుగక్షరములో కనబడును. విండోసు మొదలగునవి యటుపిమ్మట వచ్చునవి. డిస్కు బొత్తిగా లేని యంత్రము సైతము, మిగిలినవి బాగుగా నున్నయెడల, నాకు డిస్కు లేదని తెరమీద వ్రాసి చూపును. కావున మొదటినుండియు ఏమియు కనబడక తెర కటికచీకటిగా నున్నప్పుడు, విండోసు మరల ఎక్కించిన సరిపోవునని యెవరైన డబ్బడిగినచో వారి మాట నమ్మవలదు. ముద్ర కనబడి ఆ తరువాత నల్లబడుట వేరు రోగము. దాని చికిత్సయు వేరు.

కాబట్టి నల్లని తెర చచ్చిన యంత్రమునకు గుర్తు కాదు. నోరు తెరచుటకు ముందే ఎక్కడనో ఆగినదని మాత్రమే అర్థము. ఎక్కడ ఆగినదో కనుగొనుటయే పని. ఆ వెదకుట బయటినుండి లోపలికి, ఖర్చులేని దానినుండి ఖర్చైన దానివైపు సాగవలెను. లోకములో తరచుగా జరుగునది దీనికి విరుద్ధము.

ఫ్యానులు సైతము తిరుగకున్నచో కథ చిన్నది. గోడమీది స్విచ్చి, యంత్రమునకు వెనుక పవర్ సప్లయి పెట్టెమీది చిన్న మీట, ఈ రెండును చూడుడు. కొత్తవారు ఆ వెనుకటి మీటను చూడనే చూడరు. తరువాత క్యాబినెట్టు ముందరి బొత్తామునుండి వచ్చు రెండు సన్నని తీగలు మదర్‌బోర్డుమీది సరియైన సూదులకే తగిలినవా యని, 24 సూదుల పెద్ద ప్లగ్గు తుదివరకు దిగినదా యని చూచుకొనవలెను.

ఫ్యానులు తిరిగి తెర మాత్రము నల్లగా నున్న యెడలనే బుద్ధికి పని. అప్పుడు మొదట అనుమానింపవలసినది తెరనే. మానిటరు దీపము వెలిగి, బొమ్మ అందలేదని యేదో యొక మాట తెరమీద మెరసి పోయినచో, మానిటరు బ్రతికియున్నది, కబురు రాలేదని తెలియవలెను. దానికి రెండు మూడు ద్వారములుండును. కేబులు ఒకదానికి తగిలించి మానిటరు నింకొకదానివైపు చెవి యొగ్గునట్లు విడిచిన, ఎంతసేపు కూర్చున్నను ఏమియు రాదు. ఆ కేబులును, ఆ మానిటరును ఇంటిలోనున్న మరియొక ల్యాప్‌టాపునకు తగిలించి చూచుట రెండు నిమిషముల పని. అక్కడ బొమ్మ వచ్చినచో ఆ రెండింటిని ఒకేసారి నిర్దోషులని విడిచిపెట్టవచ్చును.

కేబులు యంత్రమునకు ఎచ్చట తగిలించితిరో అదియు చూడవలెను. వేరుగా గ్రాఫిక్సు కార్డు పెట్టినప్పుడు కేబులు ఆ కార్డునకే తగిలింపవలెను గాని, పైన మదర్‌బోర్డుమీద కనబడు రంధ్రమునకు కాదు. కార్డు లేని యంత్రమైనచో ప్రాసెసరునందే బొమ్మ గీయు శక్తి యుండవలెను. కొన్నిటికి అది యుండదు. ఇంటెలువారి ప్రాసెసర్ల పేరు చివర ఎఫ్ అను అక్షరమున్న వానికి ఆ శక్తి లేదు. నాలుగు రూపాయలు తక్కువ యని అట్టిదానిని కొని, కార్డు కొనక కూర్చినచో, యంత్రములో ఏ దోషమును లేకయే తెర నల్లగా నుండును. మూగవానిని పాడుమనినట్లే.

ఇక మా యెరుకలో జరిగినదొకటి చెప్పెదము. మా మధిర కాజీపేట విజయవాడ రైలుమార్గముమీద నున్నది. ఇచ్చటివారు ఇట్టి భాగములకై ఖమ్మమునకో, విజయవాడకో, సికిందరాబాదునకో పోవలెను. తెచ్చినది పలుకనిచో మరల మోసికొని రైలెక్కవలెను. మా ఆడపడుచు కుమార్తె ఇండ్ల ప్లానులు గీయుచు నాలుగు రూపాయలు సంపాదించుకొనుచున్న పిల్ల. పాత యంత్రము మొరాయించుటచే, తన కూడబెట్టినదియు తల్లి మిరపకాయలమ్మిన సొమ్మును కలిపి, డెబ్బదివేల రూపాయలకు భాగములు తెచ్చి, పుస్తకము చూచుచు తానే కూర్చినది. తెర నల్లగా నుండిపోయెను. పొరుగు వీధిలోని యొక మరమ్మతుదారు మూత తీయకయే మదర్‌బోర్డు పోయినదని, తొమ్మిదివేలగునని, విడిచిపొండని చెప్పెను. భాగములమ్మిన అంగడివారు ఏడు దినములలో తెచ్చిన మార్చియిత్తుమనిరి. అందు నాలుగు దినములు గడచిపోయెను. పటములకై బయానా ఇచ్చిన మేస్త్రీ యిద్దరు తొందరపెట్టుచుండిరి.

మా వారి పాఠశాలలో కంప్యూటర్లు పాడైనప్పుడెల్ల అవి మా యింటి అరుగుమీదికి వచ్చుట వాడుక గనుక, ఈ పిల్లయు యంత్రమును ఆటోలో పెట్టుకొని వచ్చి, "ఫ్యానులు తిరుగుతున్నవి, అత్తయ్యా. తెర మాత్రం చీకటిగానే ఉన్నది. అమ్మ రెండు రోజులనుంచి నాతో మాట్లాడడం లేదు," అని కన్నీరు పెట్టుకొనెను.

మానిటరును, కేబులును మా ల్యాప్‌టాపుతో పరీక్షించితిమి, నిర్దోషములు. మూత తీసి చూడగా మదర్‌బోర్డు అంచున పసుపుపచ్చని చిన్న దీపమొకటి వెలుగుచుండెను. నేటి మదర్‌బోర్డులలో పెక్కింటికి సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని వ్రాసిన నాలుగు దీపములుండును. పరీక్ష ఎచ్చట ఆగినదో ఆ దీపము వెలిగి నిలుచును. వైద్యునకు నాడి యెట్టిదో మనకు ఈ దీపమట్టిది. తొమ్మిదివేలు చెప్పిన మనిషి మూత తీసియుండినచో ఆయనకును కనబడియుండును. వెలుగుచున్నది డీర్యామ్ దీపము, అనగా జ్ఞాపకశక్తివద్ద ఆగినదన్నమాట. ఇట్టి దీపములు లేని బోర్డులకు చిన్న స్పీకరు తగిలించిన, కూతలు కూయును. కూత లెన్నియో, పొడవైనవో పొట్టివో లెక్కించి, బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకములో అర్థము చూచుకొనవలెను. ఒక్కొక్క తయారీదారు కూతలొక్కొక్క తీరుగా నుండును గనుక పొరుగింటి పుస్తకము పనికిరాదు.

ఇచ్చట మాకు చిన్ననాడు తండ్రిగారు చెప్పిన తర్కసంగ్రహ పాఠము అక్కరకు వచ్చెను. మన తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున బాలురకై వ్రాసిన ఆ చిన్న గ్రంథమున అన్వయ వ్యతిరేకముల ప్రసక్తి కలదు. ఒకటి యున్నచోట రెండవది యుండుట అన్వయము; ఒకటి లేనిచోట రెండవదియు లేకపోవుట వ్యతిరేకము. ఈ రెండును కుదిరినప్పుడే ఇది దీనికి కారణమని పలుకవచ్చును. పొగను, నిప్పును, కొండను పెట్టి వల్లించిన ఆ పాఠము ర్యాము పలకలకును చెల్లునని ఆనాడు మేమెరుగము.

ఆ యంత్రమునకు ర్యాము పలకలు రెండు, వానికి గూళ్లు నాలుగు. రెండు పలకలున్నప్పుడు పెక్కు బోర్డులలో ప్రాసెసరునుండి లెక్కించిన రెండవ, నాలుగవ గూళ్లలో పెట్టవలెను. వానికి ఏ2, బి2 అని పేర్లు. పిల్ల అట్లే పెట్టినది. విద్యుత్తు తీసి, రెండు పలకలను ఊడదీసి, మొదటిదానిని మాత్రము రెండవ గూటిలో నొక్కి, మరల మీట వేసితిమి. తెర నల్లగానే యుండెను. ఒక నిమిషము గడచెను. వెంట వచ్చిన మా ఆడపడుచు, "ఆపవే, కాలిపోతుందేమో!" అని చేయి చాచెను. మేము వారించితిమి. కొత్త డీడీఆర్5 జాతి ర్యాము మొదటిసారి మేల్కొనునప్పుడు ప్రాసెసరు దానితో కలిసి పనిచేయుటకు నేర్చుకొనును. ఆ నేర్చుకొనుట కొన్ని నిమిషములు పట్టవచ్చును. ఆ కాలమంతయు తెర నల్లగానే యుండును. భయపడి మధ్యలో ఆపినచో నేర్చుకొనుట మొదటికి వచ్చును. ఇట్లు ప్రతి రెండు నిమిషములకును ఆపుచు, బాగుగానున్న యంత్రమును రోగిష్ఠిదని త్రిప్పిపంపినవారు గలరు. మేము లోనికి పోయి పాలు తోడుపెట్టి వచ్చుసరికి తెరమీద ముద్ర వెలుగుచుండెను. తల్లి, కూతురు రెండు దినముల తరువాత ఒకరి మొగమొకరు చూచుకొనిరి.

అంతటితో పని కాలేదు. మరల ఆపి, ఆ పలకను తీసి, రెండవ పలకను అదే గూటిలో పెట్టితిమి. అదియు వెలిగెను. పలకలు రెండును మంచివే. పిదప మంచిదని తేలిన ఆ పలకనే నాలుగవ గూటిలో పెట్టితిమి. పావుగంట చూచినను తెర నల్లగానే యుండెను, పసుపు దీపము ఆరలేదు. ఏ పలక పెట్టినను నాలుగవ గూట చీకటి, రెండవ గూట వెలుగు. దోషము గూటిదని ఇక సందేహము లేకపోయెను. టార్చి వేసి చూడగా ఆ సన్నని గూటి అడుగున తెల్లగా నేదో కనబడెను. అది దూది! యంత్రమును కూర్చిన గదిలోనే ఆ దినము దిండ్లకు దూది నింపుచుండిరట. పలక నొక్కునప్పుడు ఆ నూగు అడుగునకు దిగి, లోహమునకును లోహమునకును మధ్య అడ్డుపడినది. విద్యుత్తు పూర్తిగా తీసి, వాడని మెత్తని పొడి కుంచెతో దానిని మెల్లగా లేపి తీసివేసి, రెండు పలకలను వాని వాని గూళ్లలో పెట్టగా, మరికొన్ని నిమిషములు ఆలోచించి, యంత్రము జ్ఞాపకశక్తి నంతయు సరిగా లెక్క చెప్పెను.

మరమ్మతుదారు చెప్పినది పూర్తిగా అసత్యమనలేము. గూడు మదర్‌బోర్డులోనిదే. కుంచెతో పోకున్నచో బోర్డు నిజముగా మార్చవలసినదే యగును. అప్పుడు సైతము, ఈ పలక ఈ గూట వెలిగినది, ఆ గూట వెలుగలేదు అని సాక్ష్యముతో అంగడికి పోయిన, గడువులోపల వేరు బోర్డు ఉచితముగా అడుగవచ్చును. సాక్ష్యము లేక పోయినవారిని అంగడివారు మీరే పాడుచేసితిరనుట మనము విననిది కాదు.

ఇందు గమనింపవలసినది, ఒక్కొక్కసారి ఒక్కటే మార్చుట. ఆత్రపడి ర్యాము తీసి, కార్డు మార్చి, కేబులు త్రిప్పి, అన్నియు ఒకేసారి చేసినచో తెర వెలిగినను దేనివలన వెలిగెనో తెలియదు. మరునాడు మరల ఆరినప్పుడు మొదటికి రావలెను. మేము ఒక కాగితముమీద ఏది మార్చితిమో, ఏమైనదో వ్రాసికొనుచుందుము. కూరలో ఉప్పు, పులుపు, కారము ఒక్కసారి దిద్దిన వంట యేమగునో మనకు వేరే చెప్పనేల?

ర్యాము దీపము కాక వేరొకటి వెలిగినచో వేరు చోట్ల వెదకవలెను. సీపీయూ దీపము వెలిగినప్పుడు మొదట బోర్డు పైమూలనుండు 8 సూదుల ప్లగ్గును చూడవలెను. 24 సూదులది పెట్టి దీనిని మరచినవారే యెక్కువ. ఫ్యానులు తిరుగును గాని ప్రాసెసరునకు కూడు లేదు. ప్రాసెసరు కొత్తది, బోర్డులోని బయాసు పాతది యైనను గుర్తుపట్టదు. కొన్ని బోర్డులకు పెన్‌డ్రైవుతోనే బయాసును కొత్తది చేయు బొత్తాము వెనుక నుండును. అన్నిటికంటె విషాదకరమైనది సూదులు వంగుట. ప్రాసెసరును గూటిలో దించునప్పుడు చేయి జారిన, వెండ్రుకవంటి సూదులు వంగును. అది మాత్రము అనుభవజ్ఞుల చేతికే ఇయ్యవలెను. వీజీఏ దీపమైన యెడల గ్రాఫిక్సు కార్డును తీసి మరల టక్కుమను శబ్దము వచ్చువరకు దించి, దానికి వేరుగా కావలసిన విద్యుత్తు ప్లగ్గు తగిలించితిరా యని చూడుడు.

ర్యాము విషయమున మరియొకటి. కొన్ని బోర్డులలో గూటికి ఒక చివరనే కొక్కెముండును. రెండవ చివర చప్పుడు చేయదు గనుక బియ్యపుగింజంత ఎడముండియు దిగినట్లే కనబడును. రెండు చివరలను బొటనవ్రేళ్లతో నొక్కి, కన్ను బోర్డునకు సమముగా ఆనించి చూచినగాని తెలియదు.

ఏ దీపమునకును లొంగనప్పుడు బయాసు అమరికలను తుడిచివేయుట యొక ఉపాయము. ప్లగ్గు ఊడదీసి, బోర్డుమీది నాణెమువంటి బ్యాటరీని కొన్ని నిమిషములు తీసియుంచి మరల పెట్టవలెను. ఇంకను లొంగనిచో బోర్డును క్యాబినెట్టునుండి బయటికి తీసి, అట్టపెట్టెమీద పెట్టి, ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యాము పలక, పవర్ సప్లయి మాత్రము తగిలించి చూచుట కడపటి పరీక్ష. బయట వెలిగి లోపల వెలుగనిచో, బోర్డు క్రింద బిగించు ఇత్తడి మేకులలో ఒకటి రంధ్రము లేనిచోట నుండి బోర్డు వెనుక తగులుచున్నదని యర్థము.

ఇప్పుడు ప్రమాదముల మాట. పవర్ సప్లయి పెట్టెను ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దాని కడుపున ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. మిగిలిన భాగములను ముట్టుటకు ముందు గోడ ప్లగ్గు ఊడదీసి, ముందరి బొత్తామును కొన్ని క్షణములు నొక్కిపట్టి, క్యాబినెట్టు లోపలి రంగులేని లోహమును చేతితో తాకవలెను. పట్టుచీరలును, నైలాను చీరలును రాపిడికి విద్యుత్తును పుట్టించును. మన వ్రేలికి తెలియనంతటి చురుకు సైతము చిప్పును చంపగలదు. నూలుచీర కట్టుకొని ఈ పనికి కూర్చుండుట మేలు. గోడ ప్లగ్గునకు మూడవ రంధ్రములో నిజముగా ఎర్తు తీగ యున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించుకొనుడు. మా ఊరి పాత యిండ్లలో రంధ్రము మూడైనను తీగలు రెండేయైన ప్లగ్గులను మేము కన్నులార చూచితిమి.

పైన చెప్పిన నాణెపు బ్యాటరీ, సీఆర్2032 అను పేరుగలది, బయటికి తీసినప్పుడు పిల్లల చేతికి అందనీయరాదు. అది మెరయుచు బిళ్లవలె నుండును గనుక పసివారు నోట పెట్టుకొందురు. గొంతులో చిక్కుకొన్నచో రెండు గంటలలోనే లోపలి మాంసమును కాల్చివేయును. మ్రింగినట్లు అనుమానము కలిగినను యంత్రము నట్లే విడిచి, తక్షణము పెద్ద ఆసుపత్రికి పరుగెత్తవలెను. పాత బ్యాటరీ పారవేయునప్పుడు దాని రెండువైపులను టేపుతో అంటించి పారవేయుడు.

భాగములు వచ్చిన అట్టపెట్టెలను, వాని సంచులను, రసీదులను మార్పిడి గడువు తీరువరకు అటుకమీద భద్రముగా నుంచవలెను. మా మేనకోడలి యింట ఆ పెట్టెలలో రెండింటిని అప్పటికే పొయ్యి రాజవేయుటకు తీసికొనిపోయిరి!